బతికున్న తోటకు గంధకం

బతికి ఉన్న మనిషికి సాయపడాలంటే ముందుగా ఆ మనిషిని చనిపోయినట్టు లెక్కగట్టవలసిందేనా?

జూన్ నెలలో ఒక ఉదయం, అర్గిరో అత్త ద్రాక్షతోట గోడకు మోచేతులు ఆనించి నిలబడి, నాకు నేనే ఈ ప్రశ్న వేసుకున్నాను. పక్కనే ఉన్న నా తోటలో గంధకం చల్లడం అప్పుడే ముగిసింది. పొడి చిమ్మే తోలు తిత్తి ఇంకా నా భుజానికి వేలాడుతూనే ఉంది. గాడిద మీది సంచిలో సగానికి పైగా పొడి మిగిలింది.

గోడకు అవతల మొదటి వరుసలోనే తెగులు కనిపిస్తోంది. పెసరగింజలంత కాయల మీద బూడిద రాసినట్టు ఒక పొర. వంగి వాసన చూడనక్కరలేదు. చాలాకాలం మూసి ఉంచిన పెట్టెను తెరిచినప్పుడు వచ్చే ముక్కిన వాసన గోడ ఇవతలికే వస్తోంది. ఈ తెగులు పట్టిన కాయకు తోలు పెరగడం ఆగిపోతుంది, లోపలి గుజ్జు మాత్రం పెరుగుతూనే ఉంటుంది. చివరకు కాయ పగులుతుంది. పగిలిన గుత్తిని గాడిద కూడా ముట్టదు.

దీనికి మందు గంధకం ఒక్కటే. అది చల్లడానికి గాలి లేని పూట కావాలి. ఎండ మరీ ముదిరిన రోజున చల్లితే తెగులుతో పాటు ఆకునూ కాల్చేస్తుంది. ఆ ఉదయం దక్షిణాన, సముద్రం మీద, ఆకాశం అంచు ఎర్రబారి ఉంది. ఎడారి దుమ్మును మోసుకుని వేడిగాలి బయలుదేరిందని అర్థం. రేపటికి అది మా కొండ ఎక్కుతుంది, ఎక్కితే వారం దాకా దిగదు. అర్గిరో తోటకు మిగిలింది ఆ ఒక్క ఉదయం.

గోడ నా నడుము ఎత్తు. కాలెత్తి అటు వేస్తే చాలు. అయినా వేయలేదు.

మా ఊళ్ళో ఒక ఇంట్లో చావు జరిగితే నలభై రోజులు ఆ ఇంటివాళ్ళు తోటలో అడుగు పెట్టరు. తమ తిత్తిని తలకిందులుగా మేకుకు తగిలిస్తారు. ఆ రోజుల్లో వాళ్ళ తోటకు గంధకం చల్లేది ఇరుగుపొరుగువారే. ఎవరూ పిలవరు, ఎవరూ చెప్పరు. వెళ్ళి చల్లి వస్తారు. అందుకే, చల్లే చేయి లేని ఇంటి తోటలో ఆకులు గంధకంతో పసుపెక్కి కనిపిస్తే, దారిన పోయేవాడు టోపీ తీసి శిలువ గుర్తు వేసుకుంటాడు. బతికున్నవాళ్ళ మధ్య నడిచేది బదులు పని. నువ్వు నా తోటలో ఒక పూట, నేను నీ తోటలో ఒక పూట. బదులు లేకుండా వచ్చే గంధకం మా దగ్గర సాయం కాదు, మరణవార్త.

అర్గిరో అత్త ఈస్టరుకు ముందు గోడలకు సున్నం వేస్తూ నిచ్చెన మీంచి పడింది. భుజం సరిగా అతకలేదు. కుడిచేయి రొమ్ము దాటి పైకి లేవదు. రెండు చేతులతో తెరిచి మూయవలసిన తిత్తిని ఆమె ఇక పట్టలేదు. బదులుగా ఇచ్చేందుకు చేతిలో పని లేదు గనుక ఎవరినీ పిలవనూ లేదు.

పిలవకపోయినా ఒకడు వెళ్ళాడు. కాఫీకొట్టు సిఫీ. మనసు మెత్తన, ఆలోచన తక్కువ. కిందటి వారం తెల్లవారక ముందే వెళ్ళి రెండు వరుసలకు చల్లి, ఏమీ ఎరగనట్టు వచ్చి కాఫీ కాచుకున్నాడు. వెలుగు వచ్చాక ఉప్పు బస్తాలు తోలుకుపోతున్న కంచరగాడిదల వాడొకడు ఆ పసుపు చూశాడు. టోపీ తీశాడు. కింద పట్నంలో, రెథిమ్నో బజారులో, ఆ మాట దించాడు. మధ్యాహ్నపు బస్సులో అక్కడి నుంచి అర్గిరో చెల్లెలి కూతురు కల్యో నల్లబట్టలు కట్టుకుని, ఉడికించిన గోధుమల మీద పంచదార పరిచిన కర్మపళ్ళెం నెత్తిన పెట్టుకుని, వీధి చివరి నుంచే ఏడుస్తూ వచ్చింది.

అర్గిరో అత్త పెనం మీద నత్తలు వేయిస్తోంది.

"ఎవరు పోయారే?" అని అడిగిందట గరిటె ఆపకుండా.

"నువ్వే పెద్దమ్మా."

"సరే, కూర్చో. నత్తలు చల్లారితే బాగుండవు."

గోధుమలు పారేయడం పాపం కాబట్టి అందరినీ పిలిచి పంచింది. మేమంతా ఆమె వాకిట్లో కూర్చుని ఆమె ఆత్మశాంతికి ఆమెతో కలిసే తిన్నాం.

"పంచదార తగ్గింది కల్యో," అంది ఆమె నములుతూ. "నిజంగా పోయిననాడు ఇంకాస్త వెయ్యి. అప్పుడు చెప్పడానికి నేనుండను." తరువాత సిఫీ వైపు తిరిగింది. "నాయనా, నీ కొట్టు తలుపుకి ఒకరోజు తెల్లారకముందే వచ్చి నల్లగుడ్డ కట్టి పోతాను. అది కూడా సాయమే అనుకో."

సిఫీ మెడ దాకా ఎర్రబడ్డాడు. అందరం నవ్వాం. కానీ కల్యో నవ్వలేదు. ఆమె పెద్దమ్మ చేతినే చూస్తోంది. బస్సెక్కే ముందు మెల్లగా అంది: "ఈసారి నీ ద్రాక్ష తొక్కే తొట్టిదాకా రాకపోతే నాతో వచ్చేస్తావు. గది ఖాళీగానే ఉంది. ఇక్కడ నువ్వేం చేస్తావు చెప్పు?"

"ద్రాక్ష తొక్కేనాటికి చూద్దాం," అంది అర్గిరో. కాదనలేదు. నాకు భయం వేసింది ఆ కాదనకపోవడం చూసే.

ఆ సాయంత్రం ఆమె ఎడమచేత్తో కూజా పట్టుకుని సిఫీ చల్లిన రెండు వరుసలనూ ఆకు ఆకునా కడిగింది. ఆ తరువాత ఎవరూ ఆ గోడ దాటలేదు.

"ఏం చూస్తున్నావ్ మినాస్? నా గుత్తులు లెక్కపెడుతున్నావా?"

ఆమె ఆ చివరి వరుసలో ఉంది. మొక్కల చాటున నేను గమనించలేదు. లేచి నడుస్తూ వచ్చింది. తలగుడ్డ కళ్ళదాకా లాక్కుంది. ఎడమచేతిలో అడుగున మేకుతో చిల్లులు పొడిచిన రేకు డబ్బా. దాన్ని ఆడిస్తే గంధకం ఆకుల మీద ముద్దలుగా రాలుతుంది. తెగులుండే ఆకుల కిందికీ గుత్తుల లోపలికీ పోదు. అది ఆమెకూ తెలుసు.

"గాలి చూస్తున్నానత్తా," అన్నాను.

"నీ తోటలో గాలి లేదా? నా గోడ మీదే వీస్తోందా?"

"ఎంతవరకు అయింది?"

"అయినంతవరకు అయింది."

"ఇలాగైతే ఇవాళ్టికి ముగియదు. రేపు దక్షిణపు గాలి వచ్చేస్తుంది."

"తెలుసు. నా భుజం నీకంటే ముందే చెప్పింది."

"నన్ను రానీ అత్తా. ఎండెక్కేలోపు పూర్తి చేస్తాను."

ఆమె డబ్బాను గోడ మీద పెట్టింది.

"చేస్తావు. నీ చెయ్యి మంచిది. మీ మామ పందెలీ పోయినప్పుడు కూడా వచ్చావుగా. ఆ రోజు కిటికీలోంచి చూశాను. అంతవరకూ నాకు ఆయన పోయినట్టు అనిపించలేదు. సమాధి చేశారు, పాదిరి వచ్చాడు, అందరూ కాఫీ తాగి వెళ్ళారు, అయినా ఆయన ఎక్కడో తోలు బేరం చేస్తున్నాడనే ఉంది. ఆకులు పసుపెక్కాక తెలిసింది. ఇప్పుడు ఆ కిటికీలోంచే నన్ను నేను చూసుకోమంటావా?"

"ఊరి ఆచారం పట్టుకుని పంట పోగొట్టుకుంటావా? అర్థం లేని ఆచారం అది."

"లేదులే, అర్థం లేదు. మరి నువ్వు ఇందాకటి నుంచి గోడ ఎందుకు దాటలేదు?"

ఆచారాన్ని నేను నమ్మనని ఎప్పుడూ అనుకునేవాణ్ణి. కానీ నమ్మకం నోటిలో ఉండదు, కాళ్ళలో ఉంటుందని నా కాళ్ళు ఆ ఉదయం నాకు చూపించాయి. ఏమీ తోచక నా చేతులు తిత్తి పిడులను దగ్గరికి నొక్కాయి. అది ముసలి కుక్కలా మూలిగింది. మడత దగ్గర కట్టిన గుడ్డలోంచి పసుపు పొగ నా చొక్కా చేతిలోకి ఎగదన్నింది.

అర్గిరో కనుబొమలు ముడిచింది. "ఏంటా ఏడుపు?"

"ఏం లేదు. మడత దగ్గర చిన్న చీలిక."

"ఇటు తిప్పు." తిప్పాను. ఎడమచేతి బొటనవేలితో గుడ్డ కిందికి దూర్చి చూసింది. "చిన్నదే. మేకపిల్ల కష్టపడితే గాని దూరదు. ఎప్పటి నుంచి?"

"కిందటేడు నుంచి." ఆమె చూపు కదలలేదు. "అంతకు ముందేడు కూడా."

"సగం గంధకం తోటకి, సగం చంకకి. అందుకే కళ్ళు అలా ఉన్నాయి. పడుకునేటప్పుడు బంగాళాదుంప ముక్కలు పెట్టుకుంటున్నావా?"

"పెట్టుకుంటున్నా."

"కూర వండుకోవాల్సినవి కళ్ళకి కట్టుకుంటున్నాడు. ఈ ఊళ్ళో తిత్తులు ఎవరు కుట్టేవాళ్ళు?"

"పందెలీ మామ."

"పందెలీ తోలు కోసేవాడు, బేరం చేసేవాడు, పేరు తెచ్చుకునేవాడు. కుట్టింది నేను. ఆయన కుట్టు ఒక వేసవి ఆగేది కాదు. పైనుంచి వింటే విననీ, ఆయనకీ తెలుసు."

"నాకూ తెలుసు అత్తా."

"తెలిసి నా దగ్గరికి ఎందుకు తేలేదు?"

"మామ పోయాక ఆ పని నీ ముందు పెట్టి నీకు గుర్తు చేయడం ఎందుకని. ఇప్పుడేమో నీ చెయ్యి కూడా..."

"విరిగింది భుజం. వేళ్ళు కాదు." కుడిచేతి వేళ్ళను నా ముందు విప్పి ముడిచింది. అవి తేలిగ్గా, ఒకదాని వెంట ఒకటి కదిలాయి. "సిఫీ నన్ను రెండు వరుసల మేర చంపాడు. అందరూ చూశారు, నవ్వుకున్నాం, అయిపోయింది. నువ్వు ఇన్నేళ్ళుగా చంపుతున్నావు మినాస్. చప్పుడు లేకుండా, గుడ్డ కట్టి."

ఆమె కోపంగా అనలేదు. డబ్బా తీసుకుని, చల్లగలిగినంత చల్లుదామని వెనక్కి తిరిగింది.

నేను గోడ దగ్గరే ఉండిపోయాను. ఒంటరిగా బతికేవాడికి ఎవరినీ ఏదీ అడగకపోవడం క్రమంగా ఒక సుగుణంలా కనిపించసాగుతుంది. నాకూ అలాగే కనిపించింది. ఆమెను ఇబ్బంది పెట్టకూడదని గుడ్డ కట్టుకున్నాననుకున్నాను. నిజానికి ఆమెకు బాకీ పడడం నాకు ఇష్టం లేదు. ఇవ్వడానికి మాత్రం ఎప్పుడూ సిద్ధమే. ఇచ్చేవాడు గోడకు ఎత్తైన వైపు నిలబడతాడు. ఈ ఉదయమంతా నేను ఆమెకు లేనిదాన్నే చూశాను. ఎత్తలేని చేయి, చల్లలేని తోట, మిగిలిన ఒక్క పూట. నా భుజానికి వేలాడుతూ మూలుగుతున్నదాన్ని చూడలేదు. అది కూడా ఒక లేమి అని, దాన్ని తీర్చగల చేయి గోడకు అవతలే ఉందని నాకు తట్టనే లేదు. జాలి ఎంత నిజమైనదైనా, అది ఒక్క వైపుకే చూస్తుంది.

ఎండ అప్పటికి ఎదుటి కొండ మీద సగం దిగింది. అత్తిచెట్టు ఆకు కదలడం లేదు.

గుడ్డ ముడి జిగురుతో గట్టిపడి ఉంది. కత్తి తీసి కోసేశాను. చీలిక నోరు తెరిచింది. ఇక అది ఏ తోటకూ పనికిరాదు. గోడ దాటలేదు. గాడిదను తోలుకుని దారి చుట్టూ తిరిగి, ఆమె ఇంటి వాకిలి ముందుకు వెళ్ళి, పనిమీద వచ్చినవాడు పిలిచినట్టు పిలిచాను.

ఆమె తోట వైపు నుంచి వచ్చింది.

"అత్తా, నా తిత్తి కుట్టిపెట్టు."

నన్నూ, తెరుచుకున్న చీలికనూ, మళ్ళీ నన్నూ చూసింది. "జాలిపడి తెచ్చావా?"

"కళ్ళు మండుతుంటే తెచ్చాను."

దగ్గరికి వచ్చి, గడ్డం పట్టుకుని నా ముఖాన్ని వెలుగుకు తిప్పింది. ఎర్రబడిన కంటిరెప్పలను, గంధకం తిని పోగులు లేచిన చొక్కా చేతిని చూసింది. సంతలో గొర్రెను చూసినట్టు, తొందర లేకుండా.

"నిజమే," అంది చివరకు. "కూర్చో. అక్కడ కాదు, నీడ నా మీద పడుతుంది."

లోపలి నుంచి పందెలీ పెట్టె తెచ్చింది. నూనెలో నాని మెత్తగా ఉన్న మేకతోలు ముక్క, తోలు పొడిచే ఆరె, మైనం పూసిన దారం. తిత్తిని ఒడిలో పెట్టుకుని మోకాళ్ళ మధ్య బిగించింది. చేయి ఎత్తనక్కరలేని పని అది. మోచేయి నడుముకు ఆనుకునే ఉంది, వేళ్ళు మాత్రం నడుస్తున్నాయి. ఆరెతో పొడవడం, సూది దూర్చడం. దారం బిగించేటప్పుడు మాత్రం భుజం అడ్డం వచ్చింది. ఒకసారి ప్రయత్నించి పెదవి కొరుక్కుంది.

"లాగు," అంది దారం కొస నాకు ఇస్తూ. లాగాను. "అంత కాదు. తోలు అది, గాడిద ముకుతాడు కాదు."

"చెప్పి లాగించు మరి."

"చెబుతున్నాగా. మీ మామకి నలభై ఏళ్ళు చెప్పాను. ఆయనా నీలాగే అన్నాడు."

నా చూపు మాటిమాటికీ దక్షిణం వైపు పోతోంది. ఆమె తల ఎత్తకుండానే కనిపెట్టింది. "ఆకాశాన్ని చూస్తే కుట్టు వంకర పోతుంది. నన్ను చూడు."

చూశాను. ఆమె కూడా ఆ తోటను మరిచిపోలేదని నాకు తెలుసు. అయినా ఒక్క కుట్టును కూడా తొందరపెట్టలేదు. చివరి ముడి వేసి, దారాన్ని పళ్ళతో కొరికి, గొట్టాన్ని నా ముఖానికి ఎదురుగా పెట్టి మోకాళ్ళతో తిత్తిని నొక్కింది. మూలుగు లేదు. నిండైన గాలి నా మండే కళ్ళను చల్లగా తాకింది.

"పట్టు. నీకు నేనొక పూట పని చేశాను. చేశానా లేదా?"

"చేశావు."

"మొక్కుబడి పనా, సరైన పనా?"

"ఈ ఊళ్ళో ఇంకొకరు చేయలేని పని."

"పొగడ్త వద్దు. మరి నా బదులు?"

"ఎప్పుడు కావాలత్తా?" అని అడిగాను. అడగవలసిన మాట అది.

ఆమె మొదటిసారి దక్షిణం వైపు చూసింది. తరువాత అత్తిచెట్టు వైపు. తరువాత పెట్టె మూత వేసి లేచింది.

"ఎప్పుడో ఏంటి, ఇప్పుడే. బాకీ ఉన్నవాడు కాళ్ళు చాపుకుని కూర్చోవడం నేనెక్కడా చూడలేదు. లే. సిఫీ మొదలుపెట్టిన వరుసల దగ్గరే మొదలుపెట్టు, అవే ఎక్కువ పాడయ్యాయి. నేను దారి పక్క గోడ మీద కూర్చుంటాను. పోయేవాళ్ళందరికీ కనబడాలి. నువ్వు ఎక్కడైనా వదిలేస్తే అరుస్తాను. అరుపు కూడా వినబడాలి."

ఆమె నాకంటే ముందే వెళ్ళి, దారికి ముఖం పెట్టి గోడ మీద కూర్చుంది. నల్లబట్టల్లో, నిటారుగా, చేయి ఒడిలో పెట్టుకుని. నేను సంచి దింపి తిత్తిలో పొడి నింపుతుండగా దారి మలుపులో గిట్టల చప్పుడు వినిపించింది. ఉప్పు బస్తాల కంచరగాడిదలు. వాటి వెనుక అదే మనిషి. తోటలో తిత్తితో నిలబడ్డ నన్ను చూసి అతని చేయి అలవాటుగా టోపీ మీదికి పోయింది.

"పెట్టుకో టోపీ," అంది అర్గిరో. "తలకి ఎండ తగులుతుంది. నన్ను చూశావా?"

"చూ... చూశానమ్మా."

"వాడు నాకు బదులు తీరుస్తున్నాడు. వాడి తిత్తి నేను కుట్టాను. బజారులో ఆ మాట చెప్పినవాడివి, ఈ మాట కూడా చెప్పు. కల్యో ఇంటి ముందు కాస్త గట్టిగా చెప్పు." తరువాత తల తిప్పకుండానే నా మీద అరిచింది: "నువ్వేంటి, నిలబడి వింటున్నావు?"

నేను మొదటి మొక్క దగ్గర వంగి, గొట్టాన్ని ఆకుల కిందికి, గుత్తి దాకా పోనిచ్చి, తిత్తి నొక్కాను.